లాంప్‌రూం పెద్దమ్మ మేజా

లాంప్‌రూం పెద్దమ్మ పోయింది. పొద్దున నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉంటే మా క్వార్టర్ల లైన్లోనే ఉండే ఖాలా వచ్చి చెప్పింది. జ్వరమే కదా, కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి వచ్చేస్తుందిలే అనుకున్నాం. బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా ఇద్దరం చూడలేదు. మా లైన్లో నల్లా దగ్గర అరుపులు లేని పొద్దు నేను చూడడం అదే మొదలు.

బొగ్గుబాయి ఊళ్లలో మనుషులకు పేర్లు ఎలా వస్తాయో బయటివాళ్లకు తెలియదు. ఆమె భర్తను మేమంతా పెద్దబాపు అంటాం. ఆయన బాయి మీద, అంటే గని పైన, దీపాల గదిలో పనిచేసేవాడు. కిందికి దిగే ప్రతి మనిషికీ ఒక దీపం చేతికివ్వడం, పైకి వచ్చాక తిరిగి తీసుకోవడం ఆయన పని. ఆ గదిని లాంప్‌రూం అంటారు. అందుకని ఆమె లాంప్‌రూం పెద్దమ్మ అయింది. ఆమె సొంత పేరు ఆసుపత్రిలో ఎవరో గట్టిగా పిలిస్తే పక్కనే ఉన్న మేము అటూ ఇటూ చూశాం, ఎవరబ్బా ఈమె అని.

పొట్టి మనిషి. నడుం మీద చెయ్యి వేసుకుని నడిచేది. గొంతు మాత్రం మూడు క్వార్టర్ల అవతలికి వినిపించేది. చాయ్ వేడిగా లేకపోతే మొహం మాడ్చుకునేది. మనుషుల మీద కోపం వస్తే మాత్రం చాయ్ చల్లారేలోపు మరిచిపోయేది.

నాది భైంసా. మా ఇంట్లో సగం తెలుగు, సగం మరాఠీ. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడాదే పెళ్లయి ఈ లైన్లకు వచ్చాను. సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లగాడిది కంపెనీ నౌకరీ అన్నారు. ఆ నౌకరీ భూమి కింద అని నాకు ఎవరూ చెప్పలేదు. వచ్చిన మర్నాడు సైరన్ మోగితే ఏ కొంప మునిగిందోనని చేతిలో పిండి చేతిలోనే ఉండగా వాకిట్లోకి ఉరికాను. అది షిఫ్టు మారే మోత అని మా ఆయన నవ్వుతూ చెప్పాడు. చెప్పినా నాకు ధైర్యం రాలేదు. ఆయన పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని పోయింది మొదలు, సాయంత్రం నల్లటి మొహంతో తిరిగి వచ్చేదాకా గేటు పట్టుకుని నిలబడేదాన్ని. పొయ్యి మీద అన్నం మాడిపోయేది. వచ్చిన మనిషికి మంచినీళ్లు ఇవ్వడానికి బదులు ఏడుపు మొదలుపెట్టేదాన్ని. నన్ను మా ఊరు పంపించెయ్యమని రోజూ అదే పాట. పాపం, ఆయన కూడా విసిగిపోయి, "పోతే పో, నేనేం జెయ్యాలె" అనేదాకా వచ్చాడు. మా అన్నను రమ్మని కబురు కూడా పంపాను. ఆ వారం అన్న వచ్చి ఉంటే నేను పోయేదాన్ని, పోతే మళ్లీ ఈ లైన్ల మొహం చూసేదాన్ని కాదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పక్క వరండాలోంచి ఆ గొంతు వినిపించింది.

"ఏయ్ భైంసా పిల్లా! పత్తాలాడుడు వస్తదా నీకు?"

పేకాట మా మేనమామ దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఆ మాటకొస్తే భైంసాలో మా వాడకట్టులో నన్ను గెలిచినవాళ్లు తక్కువ. "ఎందుకు రాదు?" అన్నాను, కొంచెం రోషంగానే.

"అయితే జెల్ది రా. నాలుగో మనిషి లేక మా పానం పోతున్నది."

వెళ్లాను. వరండాలో కింద చాప పరిచి ఉంది. చాప మీద ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె ఖాలా, ఆమె భర్త బాయిలో ఫిట్టరు. ఇంకొకామె పెద్దపల్లి అక్క, ఆమె భర్త మా ఆయనతోనే కిందికి దిగేవాడు. ఆడేది కోట్‌పీస్. నలుగురు ఇద్దరిద్దరుగా జతకట్టి, ఒక రంగును తురుఫు అనుకుని, ఎవరు ఎక్కువ పట్లు పడితే వాళ్లు గెలిచే ఆట. చాప పక్కన గోడవారగా ఒక మేజా ఉంది. దాని మీద చాయ్ గ్లాసులు పెట్టి ఉన్నాయి.

ఆ మేజా గురించి చెప్పాలి. జిట్రేగి కర్రతో చేసింది. కాళ్లు వంపు తిరిగి కింద పులి పంజాల్లా ఉంటాయి. పోలీసు చర్య అయిన తర్వాత బాయి తెల్లదొర బంగళా ఖాళీ చేసి వాళ్ల దేశం పోతూ సామానంతా హర్రాజు వేశాడట. చాయ్ తాగే మేజా అని పాట పెడితే పెద్దబాపు పాడి, బండి మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. పెద్దమ్మ దాన్ని కన్నబిడ్డలా చూసుకునేది. మా ఊళ్లో ఏ వస్తువు మీదైనా పొద్దుగూకేసరికి బొగ్గుపొడి ఒక పొర పేరుకుంటుంది. ఆమె దాన్ని రోజూ మెత్తటి బట్టతో తుడిచి, వారం వారం ఇప్పనూనె రాసేది.

వానాకాలం మొదట్లో ఒకరోజు జల్లు వరండాలోకి కొడుతుంటే మేజాను లోపలికి జరపమంది పెద్దమ్మ. నేను పైపలక అంచు పట్టుకుని గుంజాను. పలక నా చేతుల్లో గిర్రున తిరిగింది. అంతటితో ఆగక పైసగం పుస్తకం అట్టలాగా లేచింది. "అగ్గ బాయీ!" అని మరాఠీలో అరిచి వదిలేశాను. దొర బంగళాలోంచి చెక్కుచెదరకుండా వచ్చిన మేజా నేను ముట్టుకోగానే రెండుగా విడిపోయింది. అక్కడే కూలబడి ఏడుపు అందుకున్నాను.

పెద్దమ్మ నా వైపు చూడనే లేదు. వంగి మేజాలోకి చూసింది.

"ఓసినీ! గిది లోపట పచ్చగున్నదే!"

లేచిన సగాన్ని ఆమె పూర్తిగా తెరిచింది. అది అటువైపు చక్కగా పరుచుకుని, మేజా వెడల్పు రెండింతలయింది. నడుమ అంతా పచ్చటి బనాతు గుడ్డ. ఒక్కొక్క మనిషి కూర్చునే చోట కర్రలో నున్నగా తొలిచిన గుంట. నాలుగు మూలలా నాలుగు గుండ్రటి జాగాలు. పలక కింద ఉన్న అరలో దొర మరిచిపోయిన పత్తాల కట్ట కూడా ఉంది. ఖాలా గుడ్డ మీద చెయ్యి పెట్టి చూసి, "యా అల్లా, గిది పత్తాల మేజా గదమ్మా!" అంది. తర్వాత పెద్దమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు వానలో పోతున్నవాళ్లు కూడా ఆగి చూశారు.

"ఇన్నేండ్ల సంది దీని పక్కన్నే చాప ఏసుకొని ఆడినం గదనే! మీద చాయ్ పెట్టి కింద ఆడినం! ఊకో బిడ్డా, ఏడ్వకు. నువ్వు ఇరగ్గొట్టలే, తెరిసినవ్."

సాయంత్రం పెద్దబాపు వచ్చి మేజా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "హర్రాజుల చాయ్ మేజా అన్నరు, నేను పాడిన. లోపట గింత కథ ఉన్నదని నాకేం ఎరుక?" అన్నాడు. మూలల్లో ఉన్న గుండ్రటి జాగాల్లో దొరలు దీపాలు పెట్టుకుంటారేమో అన్నాడు. దీపాల మనిషికి ఆ ఊహే కదా వచ్చేది. పగటిపూట ఆడే మాకు దీపాలతో ఏం పని అని ఖాలా ఒకదాంట్లో తన పాన్‌దాన్ పెట్టుకుంది. గుంటల్లో మేము గెలిచిన ఆటల లెక్కకు చింతగింజలు వేసుకునేవాళ్లం. దొర వదిలిపోయిన కట్టలో కళావరు ఏడు లేదు. పెద్దపల్లి అక్క చాయ్‌పత్తి డబ్బా అట్ట కత్తిరించి ఒకటి తయారుచేసింది. దాని వీపు వేరే రంగు కాబట్టి అది ఎవరి చేతిలో ఉందో అందరికీ కనిపిస్తుండేది. కొత్త కట్ట కొందామని నేను ఎన్నిసార్లు అన్నా పెద్దమ్మ ఒప్పుకోలేదు. "అందరికి కనవడ్తది గదా, ఇంకేంది తక్లీఫ్?" అనేది.

ఆ మర్నాడు ఆమె మేజాను తనకు నచ్చినట్టు సర్దింది. ఎండ, జల్లు పడతాయని వరండాకు తడకలు కట్టించి, ఒక్కచోట మాత్రం జానెడు సందు వదిలింది. ఎందుకు అంటే గాలి ఆడాలె అంది. గోడవైపు కుర్చీ తనది. నడుం నొప్పి, గోడకు ఒరగాలె అంది. నన్ను తన జతగా ఎదురు ఇస్టూలు మీద, వీధికి వీపు పెట్టి కూర్చోబెట్టింది. ఖాలా, పెద్దపల్లి అక్క అటూ ఇటూ. ఎవరైనా కుర్చీలు మార్చుకుందామంటే ఒప్పుకునేది కాదు. పెద్దదాన్ని, గా మాత్రం మర్యాద లేదా అనేది.

మేజాకు ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. తెరిస్తే ఆట, మూస్తే చాయ్. ఒకదాంట్లో ఒకటి కలపకూడదు. మొదటి షిఫ్టు దిగి, ఇంటి పనులు ముగిశాక తెరిచేవాళ్లం. మగవాళ్లు పైకి వచ్చే వేళకు మూసేవాళ్లం. ఆడవాళ్లు పత్తాలు ఆడడమేంటని లైన్లో కొందరు మూతులు తిప్పుకున్నారు. బాయిలో పని చూసే ఓవర్‌మాన్ ఒకాయన పెద్దబాపుతోనే అన్నాడట. మర్నాడు ఆయన మా వీధిలోంచి పోతుంటే పెద్దమ్మ కూర్చున్నచోటు నుంచే కేకేసింది.

"ఏం సారూ! మొగోళ్లు కిందికి దిగినంకనే ఆడుతున్నం, పైకొచ్చే యాల్లకు ఆపుతున్నం. మీ క్లబ్బుల ఆటకు గింత టైం ఉన్నదా?"

ఆయన మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తడకల చాటున కూర్చుని ఉన్నా ఆయన పోవడం ఆమెకు ఎలా కనిపించిందని మాకు ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు నిజం చెప్పుకోవాలి. పెద్దమ్మ పత్తాలు ఆడడం వచ్చిన మనిషి కాదు. ఆమెకు జత కావడం నా ఖర్మ. ఏ రంగు తురుఫో మరిచిపోయేది. పడిపోయిన పత్తా ఇంకా పడలేదనుకునేది. తన వంతు వచ్చినప్పుడు నా తల మీంచి ఎటో చూస్తూ ఆలోచిస్తూ ఉండేది. అంత ఆలోచించి, చివరికి వేయకూడని పత్తా వేసేది. నా ఒళ్లు మండిపోయేది. మా గుంటలో చింతగింజ కనబడిన రోజు పండుగే. "పెద్దమ్మా, గులాం పడి ఎంతసేపయింది! కండ్లు ఎక్కడ పెట్టుకున్నవ్?" అని అరిచేదాన్ని. కొత్త కోడలిని, పక్కింటి పెద్దమనిషి మీద అరుస్తున్నానన్న సోయి కూడా ఉండేది కాదు. ఆమె ఏమీ అనుకోకపోయేది. "పోతే పాయె, చింతగింజనే గదా," అనేది.

ఆ కోపంలో పడి నేను గేటు సంగతి మరిచిపోయాను. ఎప్పుడు మరిచిపోయానో నాకే తెలియదు. మా అన్న ఆలస్యంగా వచ్చాడు. వచ్చిన రోజు నేను ఆట మధ్యలో ఉన్నాను. "జర ఆగన్నా, ఈ పట్టు అయిపోనీ" అన్నానట. అన్న ఒక్కడే భైంసాకు తిరిగి వెళ్లి మా అవ్వకు ఈ ముచ్చట చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారట.

ఆట ఆపే వేళ ఎప్పుడూ పెద్దమ్మే చెప్పేది. గడియారం లోపలి గదిలో ఉండేది, ఆమె దానివైపు పోయేదే కాదు. ఉన్నట్టుండి చేతిలో పత్తాలు కింద పెట్టేసి, "ఇగ చాలు. పో బిడ్డా, పొయ్యి ముట్టియ్యి" అనేది. నేను ఇంట్లోకి పోయి చాయ్ నీళ్లు పెట్టేసరికి మా ఆయన గేటు చప్పుడు వినిపించేది. ఏనాడూ తప్పు పోలేదు. షిఫ్టు ఆలస్యమైన రోజున కూడా సరిగ్గా వాళ్లు వచ్చే ముందే లేపేది. ఇన్నేళ్లు లాంప్‌రూం మనిషితో కాపురం చేసింది, కడుపులోనే గడియారం ఉందేమో అనుకునేవాళ్లం. ఒకసారి అడిగితే ఆమె వేరే మాట చెప్పింది.

"కిందికెళ్లి పైకొచ్చిన మొగోడు గేటు కాడ ఏడ్సుకుంట నిలవడ్డ పెండ్లాన్ని చూసిండనుకో, మర్నాడు దిగేటందుకు వానికి కాళ్లు ఆడయి. పొయ్యిల పొగ కనవడాలె వానికి. గంతే."

వేళ కాని వేళ సైరన్ మోగిన రోజు కూడా మేము ఆ మేజా దగ్గరే ఉన్నాం. ఆట సగంలో ఉంది. మోత వినగానే నా చేతిలో పత్తాలు జారిపోయాయి. పెద్దపల్లి అక్క లేచి నిలబడింది. లైన్లో తలుపులన్నీ తెరుచుకుంటున్న చప్పుడు. పెద్దమ్మ మాత్రం లేవలేదు. "పత్తాలు ఎక్కడియి అక్కడ పెట్టుండ్రి," అని, వాటి మీదనే మేజా మూసేసింది. పలక తిప్పి సరిచేసి, ఖాలాతో చాయ్ పెట్టించింది.

"కూసోండ్రి. చాయ్ తాగిందాక ఎవ్వలు లేవద్దు. బాయి కాడికి ఉరికి మీరేం తవ్వుతరు? అడ్డం తప్ప."

"పెద్దమ్మా, నాకు భయమైతుంది," అన్నాను.

"నాకు మాత్రం కాదా? తాగు."

చాయ్ ఎన్నిసార్లు పెట్టామో గుర్తులేదు. ఖాలా పెదవులు కదుపుతూ దువా చేసుకుంటోంది. నేను మూసిన మేజా మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఎంతో సేపటికి పెద్దమ్మ గ్లాసు కింద పెట్టి, "లేవుండ్రి. వస్తుండ్రు. మనోళ్లందరు వస్తుండ్రు," అంది. వీధిలోకి వచ్చి చూస్తే, మలుపు దగ్గర నల్లటి మొహాలు. ఒకచోట కప్పు కూలి దారి మూసుకుపోయిందట, తొలిచి బయటకు రావడానికి అంతసేపు పట్టిందట. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు మా ఆయన్ను పట్టుకుని నేను నవ్వానో ఏడ్చానో నాకు తెలియదు.

మర్నాడు పెద్దమ్మ మేజా తెరిపించి ఆ ఆగిన ఆటనే పూర్తి చెయ్యమంది. పూర్తి చేశాం, ఓడిపోయాం. అవతలివాళ్లకు ఏడు పట్లు పడి ఆట ముగిశాక చూస్తే, అన్నిటికన్నా పెద్ద పత్తా తురుఫు ఎక్క ఆమె చేతిలోనే ఉండిపోయింది. "ఎక్క చేతిల పెట్టుకొని ఓడగొడ్తవా!" అని నేను పత్తాలు విసిరికొట్టాను. ఆమె కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

తర్వాత నాకు పిల్లలు పుట్టారు. ఆ మేజా కింద పాకారు, పులి పంజాలు పట్టుకుని నిలబడడం నేర్చుకున్నారు. నేను తెలుగు మంచిగా నేర్చుకున్నది అక్కడే, ఖాలా దగ్గర చాయ్‌లో అల్లం ఎంత వేయాలో నేర్చుకున్నది అక్కడే. సంతోషంగా బతికాను. ఇది రాస్తుంటే దుఃఖం కన్నా అదే ఎక్కువగా అనిపిస్తోంది. మా పెద్దమ్మ నన్ను ఒక్క మాట కూడా ఓదార్చకుండా బాగుచేసింది.

దినాలు అయ్యాక పెద్దబాపు ఇద్దరు మనుషులతో మేజా మోయించుకుని మా వరండాకు తెచ్చాడు. కొద్దిరోజుల్లో నౌకరీ దిగిపోయి తమ్ముడి దగ్గరికి జమ్మికుంట పోతున్నాడు. "గిది లైన్లల్లనే ఉండాలె అన్నది మీ పెద్దమ్మ," అన్నాడు. మేజాతో పాటు గోడవైపు కుర్చీ కూడా తెచ్చాడు. తడకలు కూడా విప్పి తెచ్చాడు. ఆయనే నిలబడి, అదే సందు వదిలి, మా వరండాకు కట్టించి పోయాడు.

చాలా రోజులు తెరవబుద్ధి కాలేదు. మూసిన మేజా మీద ముగ్గురం చాయ్ తాగి లేచిపోయేవాళ్లం. మా వెనక క్వార్టరులోకి ఈ మధ్యనే ఒక కొత్త పిల్ల కాపురానికి వచ్చింది. పొద్దున మొగుడు పోయింది మొదలు గేటు పట్టుకుని నిలబడుతుంది. ఒకరోజు వాళ్ల పొయ్యి మీద అన్నం మాడిన వాసన మా వరండాకు వచ్చింది. ఖాలా నా మొహం చూసింది. నేను కేకేశాను.

"ఏయ్ పిల్లా! పత్తాలాడుడు వస్తదా నీకు?"

వస్తుందట, అదీ రోషంగానే. మేజా తెరిచి, బనాతు మీద దుమ్ము తుడిచాం. పిల్లను నా జతగా ఎదురు ఇస్టూలు మీద కూర్చోబెట్టాను. పెద్దదాన్ని నేనే కాబట్టి గోడవైపు కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. పత్తాలు పంచుకుని తల ఎత్తాను.

తడకల సందులోంచి, ఆ పిల్ల తల మీంచి, మా వీధి, వీధి చివర మలుపు, మలుపు దాటి బాయి నుంచి వచ్చే తోవ మొత్తం కనిపించాయి. వాళ్ల ముగ్గురికీ తడకలే కనిపిస్తాయి. నాకు ఒక్కదానికే తోవ కనిపిస్తోంది. చేతిలో పత్తాలు అలాగే పట్టుకుని ఉండిపోయాను. మా పెద్దమ్మ ఆలోచించేది పత్తాల గురించి కాదు. నలుగురిలో మాకు ముగ్గురికి ఆట చూపించి, మా మగవాళ్ల కోసం ఆ తోవను తనొక్కతే చూస్తూ కూర్చునేది. పెద్దబాపు పనిచేసేది బాయి పైనే, కిందికి దిగే మనిషి ఆమెకంటూ ఎవరూ లేరు. ఆమెను నేను కళ్లెక్కడ పెట్టుకున్నావని అడిగేదాన్ని.

"అత్తమ్మా!" అని, కిందికి వాలిన నా పత్తాలు చూసి ఆ పిల్ల గట్టిగా అరిచింది. "ఎక్క చేతిల పెట్టుకొని గా రెండు ఏసినవేంది? పట్టు పాయె గదా!"

ఖాలా పాన్ నములుతూ నవ్వింది. "పోతే పాయె, చింతగింజనే గదా బిడ్డా," అన్నాను. కళ్లు తుడుచుకుంటే ఆ పిల్ల బెదిరిపోతుందని తుడుచుకోలేదు. మళ్లీ సందులోకి చూశాను. మలుపు దగ్గర మనుషులు కనబడ్డారు. నల్లటి మొహాలు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. అందరికన్నా ముందు, డబ్బా ఊపుకుంటూ, కొత్తగా పెళ్లయిన పిల్లగాడు వడివడిగా వస్తున్నాడు.

పత్తాలు కింద పెట్టాను.

"ఇగ చాలు. పో బిడ్డా, పొయ్యి ముట్టియ్యి."